అయిదోసారి కూడా మొదటిసారే

మా కంటి శిబిరం కార్డులో పేరు, వయసు, వీధి రాసే వరసల కింద ఒక చిన్న గడి ఉండేది. దాని పక్కన "మొదటిసారి వస్తున్నారా?" అని అచ్చయి ఉండేది. అవునంటే టిక్కు పెట్టాలి, కాదంటే ఖాళీగా వదలాలి. పన్నెండేళ్ళ ఉద్యోగంలో, ఒక రోజు వచ్చేదాకా, ఆ గడిని నేను ఖాళీగా వదిలిన కార్డు ఒక్కటీ లేదు. ఆ రోజు గురించే ఈ రాత.

మొన్న మా మేడమీద వాటాలో ఉండే అమ్మాయి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. విదేశాల నుంచి వచ్చే వాలంటీర్లను చూసుకునే సంస్థలో ఉద్యోగం దొరికిందట. వాళ్ళదీ మాలాగే మూడు నాలుగు తరాలుగా మద్రాసు చూలైలో పాతుకుపోయిన తెలుగు కుటుంబమే గానీ, ఆ పిల్ల తెలుగు రెండు మాటలు దాటితే అరవంలోకి జారిపోతుంది. "ఆంటీ, మీరు ఇదే పని చేసినారు గదా, ఏమన్నా టిప్స్ సొల్లుంగ" అంది.

టిప్స్ నా దగ్గర లేవు. ఒక తప్పు ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకున్నాను. ఆ పిల్లకీ, ఆ పిల్లలాగా ఈ పనిలోకి రాబోయే మీకూ అదే ఇస్తున్నాను. తిన్న మిఠాయికి బదులుగా ఇవ్వడానికి ఇంతకంటే పనికొచ్చేది నా ఇంట్లో ఏమీ లేదు.

మా ఆఫీసు చూలైలో ఇనుప గ్రిల్లులు చేసే ఒక వర్క్‌షాపు పైన ఉండేది. కింద సుత్తి దెబ్బ పడినప్పుడల్లా పైన మా టీ గ్లాసులు అదిరేవి. ఏడాది పొడుగునా వాలంటీర్ల బ్యాచీలు వస్తూ పోతూ ఉండేవి. ఒక్కో బ్యాచీ పదిహేను రోజులు. కాలేజీ పిల్లలు ఎక్కువ, ఉద్యోగం మానేసి తర్వాత ఏం చేయాలో తోచని వాళ్ళు కొందరు, అప్పుడప్పుడు ఒకరిద్దరు రిటైరైనవాళ్ళు. వాళ్ళ దేశంలో ఒక కంపెనీ ఈ ప్రయాణాన్ని అమ్మేది. పది రోజులు సేవ, ఒక రోజు మహాబలిపురం, ఒక రోజు టి. నగర్‌లో చీరల కొట్లు, మిగిలిన రోజులు కడుపునొప్పి. సేవ చేసుకోవడానికి చోటు చూపించడం మా సంస్థ పని.

ఏడాదికి రెండుసార్లు కంటి శిబిరం బ్యాచీ వచ్చేది. కంటి శిబిరం అనగానే డాక్టర్లు అనుకునేరు. వచ్చినవాళ్ళకు మర్నాడు ఒక్క రోజు శిక్షణ ఇచ్చేవాళ్ళం. దగ్గరగా పెట్టిన పలక మీద అక్షరాలు చదివించాలి, చదువు రానివాళ్ళ చేత సూదిలో దారం ఎక్కించాలి, కనపడకపోతే పెట్టెలోంచి ఏ నంబరు రెడీమేడ్ అద్దాలు తీసి ఇవ్వాలో చూసుకోవాలి. అంతే. మూడో రోజు నుంచి రాయపురంలో, చేపల హార్బరు దగ్గర ఒక కల్యాణ మండపంలో శిబిరం మొదలు. నా హోదా కోఆర్డినేటరు. పెరుగన్నం తెప్పించడం, ఆటోవాళ్ళతో పోట్లాడటం, శిబిరంలో వాళ్ళ ఇంగ్లీషుకీ మనవాళ్ళ తెలుగు, అరవాలకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడం, అన్నీ ఆ ఒక్క మాటలోకే వచ్చేవి. కార్డులు రాసేది కూడా నేనే.

ఆ పిల్లలు చెడ్డవాళ్ళని మాత్రం అనుకోకండి. వాళ్ళు ఇచ్చిన అద్దాలు చాలామందికి పనికొచ్చాయి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు అద్దాలు పెట్టుకుని, తమ వేళ్ళు తామే తిప్పి తిప్పి చూసుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళను చూసి పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపు నిజమే. నేను చాలా ఏడుపులు చూశాను, దొంగది తెలుస్తుంది.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అంత గొప్పదేమీ కాదు. అమ్మ పోయిన ఏడాది ఈ ఉద్యోగంలో చేరాను. ఇంట్లో మాట్లాడే గొంతు నాదొక్కటే మిగిలింది, కొన్నాళ్ళకు అదీ మానేసింది. అటువంటప్పుడు పన్నెండు మంది పిల్లలు దిగి, నా చేతి పులిహోర తిని, నా దగ్గర చీరకుచ్చిళ్ళు ఎలా పెట్టుకోవాలో నేర్చుకుని, "మీరు మా ఇండియా అమ్మ" అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. నాకు చాలా బాగుండేది. పదిహేనో రోజు విమానాశ్రయంలో కావిలించుకుని, "ఎప్పటికీ మరిచిపోము" అనేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో వ్యానులో నేనూ డ్రైవరూ, వెనక పన్నెండు ఖాళీ సీట్లు. మొదటి వారం ఫోనుకు రోజూ మెసేజీలు వచ్చేవి. మూడో వారానికి రెండు. తర్వాత కొత్త సంవత్సరానికి ఒకటి. తర్వాత అదీ లేదు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు చదువులు, ప్రేమలు, బతుకులు ఉన్నాయి. కానీ నేను ఏడాదికి అయిదారుసార్లు ఒంటరిదాన్ని అయ్యేదాన్ని. మామూలు మనిషికి అది జీవితంలో ఒకటి రెండుసార్లు జరుగుతుంది.

అందుకని ఒక ఉపాయం నేర్చుకున్నాను. ప్రతి బ్యాచీనీ మొట్టమొదటి బ్యాచీలాగా చూడటం. వెనకటి వాళ్ళను తలుచుకోకూడదు, పేర్లు గుర్తుపెట్టుకోకూడదు, వాళ్ళతో వీళ్ళను పోల్చకూడదు. వ్యాను ఖాళీ అయిందంటే మనసు కూడా తుడిచేసుకోవాలి. ఇది నాకు బాగా కుదిరింది. నా ఉపాయానికి మా సంస్థ పద్ధతి కూడా తోడైంది. శిబిరం కార్డులన్నీ బ్యాచీ తనతో పట్టుకుపోయేది, కాలేజీలో ప్రాజెక్టు కింద చూపించుకోవడానికి. మా దగ్గర ఒక్క కాగితం మిగిలేది కాదు. ప్రతి శిబిరం తుడిచిన పలక మీదే మొదలయ్యేది.

ఈ రాతకు కారణమైన ఆయన మొదట వచ్చింది ఒక కంటి శిబిరం రెండో రోజున. హార్బరులో వలల చిరుగులు కుట్టే మనిషి. అరవై దాటి ఉంటాయి. నెల్లూరు పక్క నుంచి వాళ్ళ తాత పడవల మీద వచ్చి ఈడనే నిలిచిపోయాడట. నా ఇంటిపేరు విని, "తాళ్ళ కొట్టు శెట్టిగారి కూతురువా అమ్మణ్ణీ? మీ నాయన దగ్గిర నైలాను దారం కొన్నోణ్ణే నేను. తూకంలో పిడికెడు ఎక్కువే ఏసేవాడు" అన్నాడు. మా నాయన గురించి ఎవరైనా మంచిమాట చెప్పి అప్పటికి చాలాకాలమైంది. ఆయనకు నేనే లేచి కుర్చీ వేశాను.

ఆయన చేతికి సూదీ దారం ఇచ్చారు. ఒక్క ఊపులో ఎక్కించాడు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ ఎక్కించాడు. వల కుట్టేవాడికి అదో లెక్కా? పిల్లలంతా చప్పట్లు కొట్టారు. "మరి ఎందుకు వచ్చారో అడగండి" అంది నా పక్కన కూర్చున్న అమ్మాయి.

"ముందర బాగానే కనపడతా ఉండాది అమ్మణ్ణీ. పక్కన తెలియటం లే. మొన్న ఎడమపక్క స్తంభానికి పోయి కొట్టుకున్నా" అన్నాడాయన భుజం చూపిస్తూ.

నేను ఇంగ్లీషులో ఏం చెప్పానో నాకిప్పటికీ గుర్తే. "కొంచెం మసకగా ఉందంటున్నారు" అన్నాను. వెనక యాభై మంది నిలబడి ఉన్నారు. మనిషికి మూడు నిమిషాలు. స్తంభం, భుజం, ఎడమపక్క, ఇదంతా ఆ అమ్మాయికి విడమర్చి చెబితే ఆమె పుస్తకం తిరగేయాలి, ఆమెకిచ్చిన పుస్తకంలో దీనికి జవాబు లేదు. మసక అయితే ఉంది. మసకకు అద్దాలు ఉన్నాయి. అన్నిటికంటే చిన్న నంబరు అద్దాలు ఇచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని ఫోటో దిగింది. మొదటిసారేనా అన్న గడిలో నేను టిక్కు పెట్టాను. ఆ ఒక్క టిక్కు నిజం.

ఆరు నెలలకు ఇంకో బ్యాచీ, ఇంకో శిబిరం. ఆయన మళ్ళీ వచ్చాడు. మెడలో పాత అద్దాలు దారానికి వేలాడుతున్నాయి. "ఇవి పెట్టుకున్నా పక్కన తెలియటం లే" అన్నాడు. సూదీ దారం పరీక్ష, చప్పట్లు, ఇంకొంచెం పెద్ద నంబరు అద్దాలు. కార్డు రాస్తూ ఆ గడి దగ్గర పెన్ను ఆగింది నాకు. ఆ మధ్యాహ్నం మా మేనేజరును అడిగాను. ఆయన బెజవాడ నుంచి కొత్తగా వచ్చినాయన, పెద్ద చదువు, మెత్తని మనిషి.

"మళ్ళీ వచ్చినవాళ్ళని రాస్తే కంపెనీవాళ్ళకు కొత్త ప్రశ్నలు పుడతాయండీ మేడమ్. పోయినసారి ఇచ్చింది పనిచేయలేదా అంటారు. ఎంతమంది కొత్తవాళ్ళకు చేరామన్నదే వాళ్ళు చూసేది. అందరూ కొత్తవాళ్ళే అనుకోండి, గొడవ ఉండదు" అన్నాడు.

అందరూ కొత్తవాళ్ళే అనుకోవడంలో నేను అప్పటికే ఆరితేరినదాన్ని. టిక్కు పెట్టాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన టీ గ్లాసు అందుకోబోయి, దానికి బెత్తెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వాడు. నేను నవ్వలేదు. అయినా టిక్కు పెట్టాను. నాలుగోసారి మండపం గుమ్మంలో మెట్టు తట్టుకుని పడ్డాడు. మోకాలికి పసుపు పెట్టాను. "వయసు మీద పడతా ఉండాది గదన్నా, మెల్లిగా నడువు" అన్నాను. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, "సరి అమ్మణ్ణీ" అన్నాడు.

నాలుగోసారి నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. అనుమానం వచ్చింది. మా మేనత్తకు ఇలాగే అయింది. ముందున్న బియ్యంలో రాయి కనిపించేది, పక్కన నిలబడ్డ మనిషి కనిపించేవాడు కాదు. ఈయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని ఆ రోజే అనుకున్నాను. మర్నాడు బ్యాచీలో ఇద్దరికి జ్వరం. తర్వాతి రోజు వీడ్కోలు విందు. తర్వాత విమానాశ్రయం. ఖాళీ వ్యానులో ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే మనసు తుడుచుకున్నాను. పిల్లలతో పాటు ఆయన్ని కూడా తుడిచేశాను. ఆయన ఎక్కడికీ పోలేదు, మా ఇంటి నుంచి బస్సు ఎక్కితే అరగంట దూరంలోనే ఉన్నాడు.

ఆయన వచ్చిన అయిదో శిబిరం బ్యాచీలో ఒక పెద్దావిడ ఉంది. వాళ్ళ దేశంలో నర్సుగా చేసి రిటైరైందట. వచ్చిన రోజునుంచీ ఆవిడతో నాకు పడలేదు. మనిషికి మూడు నిమిషాలంటే పది నిమిషాలు తీసుకునేది. మిగతా పిల్లలు భోజనానికి లేస్తే ఆవిడ వరస ఇంకా కదలకుండా ఉండేది. ఈవిడ వల్ల నా పెరుగన్నం పులిసిపోతోందని సణుక్కునేదాన్ని.

నాలుగో రోజు పొద్దున ఎనిమిదిన్నరకే ఆయన వచ్చాడు. ఈసారి మనవరాలు చెయ్యి పట్టుకుని తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, బడికి టైమైందని వెళ్ళిపోయింది. నేను కార్డు తీసుకున్నాను. పేరు అడగక్కర్లేదు, వీధి అడగక్కర్లేదు. చెయ్యి దానంతటది రాసుకుపోయి, గడిలో టిక్కు కూడా పెట్టి, కార్డును నర్సమ్మ ముందుకు జరిపింది.

ఆయన సంచిలోంచి ఒక మూట తీసి బల్లమీద పెట్టాడు. నాలుగు జతల అద్దాలు. వల దారంతో వరసగా కట్టి ఉన్నాయి. ముడులు ఎంత సమంగా ఉన్నాయో చెప్పలేను.

"నాలుగు తూర్లు నాలుగు ఇచ్చినారు. వీటిల్లో ఏది పెట్టుకోవాల అమ్మణ్ణీ? ఒగటి మీద ఒగటి పెట్టుకోవాలనా?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

నర్సమ్మ అద్దాల వంక చూసింది. అన్నీ ఒకే పెట్టెలోవి, ఒకే రకం ఫ్రేములు. తర్వాత కార్డులో టిక్కు వంక చూసింది. తన కుర్చీ ఆయనకు ఎదురుగా లాక్కుని, "నా ముక్కునే చూడమనండి. నా చెయ్యి ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పమనండి" అంది. నేను చెప్పాను. ఆవిడ తన చేతిని ఆయన ఎడమపక్క దూరంగా చాపి, వేళ్ళు ఆడిస్తూ మెల్లిగా ముందుకు తెచ్చింది. చెవి దాటింది. కణత దాటింది. ఆయన మాట్లాడలేదు. ఆ చెయ్యి దాదాపు ఆవిడ ముక్కు దగ్గరికి వచ్చాక, "ఆ, ఇప్పుడు తెలస్తా ఉండాది" అన్నాడు. కుడిపక్క కొంచెం నయం, అంతే.

"ఈయన ఇంతకు ముందు వచ్చారా?" అని నన్ను అడిగింది ఆవిడ.

"ఇది అయిదోసారి" అన్నాను. "మసక అని చెప్పలేదు ఆయన. పక్కన కనపడటం లేదని మొదటి రోజే చెప్పారు. నేను మసక అని చెప్పాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఇక్కడ ఆసుపత్రి ఎంత దూరం?" అంది. నేను ఆ కార్డు చించి, కొత్తది రాశాను. పేరు, వయసు, వీధి. ఆ గడి ఖాళీగా వదిలేశాను. వరసలో ఉన్నవాళ్ళను కూర్చోమని చెప్పి, ఆయన్ని ఆటో ఎక్కించాను. భోజనం సంగతి ఎవరు చూశారో ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో చీటీల కిటికీ వెనకున్న ఆయన తల ఎత్తకుండా అరవంలో అడిగాడు, "పుదుసా, పళసా?" కొత్త కేసా, పాత కేసా అని. ఆ ప్రశ్నకు తప్పుడు జవాబు రాయడమే నా ఉద్యోగమని అప్పుడు అర్థమైంది. నా వెనకనుంచి ఆయనే చెప్పాడు, "ఈడికి కొత్తేనయ్యా."

సాయంత్రం నాలుగయింది పరీక్షలన్నీ అయ్యేసరికి. డాక్టరు చిన్నపిల్ల, కానీ మాటలో తొందర లేదు. మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేవాళ్ళే, ఇంగ్లీషులో గ్లకోమా, అది. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి నొప్పి లేకుండా తినుకుంటూ వస్తుంది. నడిమధ్య చూపు ఆఖరిదాకా ఉంటుంది. అందుకే సూదిలో దారం ఎక్కించినన్నాళ్ళూ అందరూ చప్పట్లు కొట్టారు. ఎడమ కన్ను పోయినట్టేనంది. కుడి కంట్లో మధ్యలో కొంత మిగిలింది, రోజూ చుక్కల మందు వేసుకుంటే అది నిలవచ్చంది. పోయింది మాత్రం రాదు. "రెండేళ్ళ ముందు తెచ్చి ఉంటే..." అని నా మొహం చూసి ఆపేసింది.

బయట బల్లమీద కూర్చున్నాం. ఆయన మందు పొట్లం రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. పన్నెండేళ్ళలో విమానాశ్రయంలో ఎన్నిసార్లు ఏడ్చానో, అదంతా కలిపినా ఆ రోజుకు సరిపోదు.

"అన్నా, తప్పంతా నాదే. నువ్వు చెప్పినావు. నేనే ఆ బిడ్డలకి సరిగ్గా చెప్పలే" అన్నాను.

"ఆ బిడ్డలకి తెలీదని నాకు తెలీదా అమ్మణ్ణీ?" అన్నాడాయన. "పదిదినాలు ఉంటారు, పోతారు. వాళ్ళని నమ్ముకోని యాడ వచ్చినా నేను? ప్రతి తూరీ అదే కుర్చీలో నువ్వుండావు. శెట్టిగారి కూతురు ఈడనే ఉండాది గదా, దానికి తెలుసు గదా, ఏందన్నా ఉంటే అది చెప్తాది గదా అని, నీకోసరం వచ్చినా."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. కంపెనీది కొంత, మేనేజరుది కొంత, ఒక్క రోజు చదువుతో వచ్చిన పిల్లలది కొంత. ఆ లెక్క నేనూ వేసుకుని చూశాను. ఎన్నిసార్లు వేసినా నా వాటా పిడికెడుకు తేలలేదు. వచ్చినవాళ్ళందరికీ మరిచిపోయే హక్కు ఉంది, ఎందుకంటే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. గుర్తుపెట్టుకోవడానికి జీతం తీసుకున్నది నేనొక్కదాన్నే. నాకు దుఃఖం కలుగుతుందని ఆ పని మానేశాను.

మర్నాడు ఒక నోటుబుక్కు కొన్నాను. అంతకు ముందు శిబిరాలకు రెండు మూడుసార్లు వచ్చిన మొహాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, రాయపురం సందుల్లో ఇల్లిల్లూ తిరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా ఇంకో ఇద్దరు దొరికారు, ఆసుపత్రికి చేర్చాను. మేనేజరుకు అంతా చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "మీరు చేసింది కరెక్టే మేడమ్. కానీ ఇది రిపోర్టులో ఏ కాలమ్‌లో రాయాలండీ?" అన్నాడు. ఇద్దరం ఆ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాం. దానికి కాలమ్ లేదు. తర్వాతి శిబిరానికల్లా కార్డులకు నకళ్ళు మా దగ్గర ఉంచుకునేలా మాత్రం ఒప్పించగలిగాను. నా ఉద్యోగంలో నేను సాధించిన గొప్ప విజయం అదే, నవ్వకండి.

నర్సమ్మ వెళ్ళిపోయేటప్పుడు కావిలించుకోలేదు. "మరిచిపోను" అనలేదు. మూడు నెలలకోసారి మాత్రం ఒక్క వాక్యం పంపుతుంది: ఆయన కన్ను ఎలా ఉంది? ఇప్పటికీ పంపుతోంది. నా ఫోనులో వందల పేర్లున్నాయి, మెసేజీ వచ్చేది ఆ ఒక్క పేరు మీదే.

అందుకని మేడమీద అమ్మాయికి చెప్పేది ఇదే. నువ్వు విదేశీయులతో బాగా మాట్లాడతావు, అది వారంలో ఎవరైనా నేర్చుకుంటారు. ఎవరు ఎన్నోసారి వచ్చారో గుర్తుపెట్టుకో. అది నీకు ఎవరూ నేర్పరు. గుర్తుపెట్టుకుంటే నొప్పిగా ఉంటుంది. ఉండనీ.

నేను రిటైరై రెండేళ్ళయింది. నెలకో మంగళవారం ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోతాను. ఆయన కొడుకూ కోడలూ హార్బరు పనికి తెల్లారే పోతారు, నాకు పనేమీ లేదు. కిటికీ దగ్గర ఇప్పుడు "పుదుసా, పళసా" అంటే ఆయన నాకంటే ముందే "పళసు" అంటాడు, అదేదో పదవి పేరు చెప్పినట్టు. కుడి కన్ను ఉన్నంతలో నిలిచింది. చిన్న చిరుగులు ఇంకా కుడుతున్నాడు. నన్ను క్షమించాడా అని అడగలేదు, ఆయన చెప్పలేదు. స్నేహం అనడానికి లేదు. తిట్టడు, పొగడడు, మా నాయన తూకం గురించి మాత్రం అప్పుడప్పుడు అంటాడు.

ఆటో వాళ్ళ సందులోకి రాదు. రోడ్డు దాకా నడవాలి. మొదటి మంగళవారమే చెప్పేశాడు, "నువ్వు ఎడమపక్క నడువు అమ్మణ్ణీ. ఆపక్క ఏముండాదో నువ్వే చెప్పాల." నా భుజం మీద చెయ్యి వేస్తాడు. నేను చెబుతూ నడుస్తాను. బండి. మెట్టు. ఐసు పెట్టెలు. కుక్క పడుకుని ఉంది. నీళ్ళు.

పోయిన మంగళవారం సందు ఖాళీగా ఉంది. పడవలన్నీ సముద్రం మీద ఉన్నాయి. చెప్పడానికి ఏమీ కనపడక, కాసేపు ఊరికే నడిచాను. ఆయన నిలబడిపోయాడు. చెయ్యి నా భుజం మీదే ఉంది, అయినా మొహం ఇటు తిప్పి వెతుక్కుంటున్నట్టు చూశాడు.

"ఏమీ లేదన్నా, అందుకే చెప్పలే" అన్నాను.

"ఏమీ లేకపోతే ఏమీ లేదనే చెప్పు. నోరు మూసుకోబాక. నువ్వు మాట్లాడకపోతే ఉండావో పోయినావో నాకెట్టా తెలిసేది?" అన్నాడు.

"ఏమీ లేదు" అన్నాను. నాలుగడుగులు వేసి మళ్ళీ అన్నాను, "ఏమీ లేదన్నా. నేనుండా."